ఫెన్నా కబుర్ల సంచి

బెరెండ్ తాతకు ఫెన్నా దొంగచాటుగా సారా అందిస్తోందని కాలవ వీధిలో అందరూ చెవులు కొరుక్కునేవారు. పొద్దున్నే ఆమె తాత ఇంట్లోంచి బయటికి వస్తుంటే సంచిలో సీసాలు గలగలమనేవి. పైగా ఆ ఇంట్లో అరగంటసేపు ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు.

"ఏం చేస్తారు, ఇద్దరూ చెరో గ్లాసు పట్టుకు కూర్చుంటారు. ముసలాయన ఎర్రబడ్డ బుగ్గలు చూడరాదూ?" అని పక్కింటి లామర్ట్ నవ్వేవాడు.

కాలు కదపలేని వాళ్ళకి ఫెన్నా సరుకులు తెచ్చిపెట్టేది. సరుకుల సంచిని డచ్చి వాళ్ళు బోట్‌స్ఖాపెన్‌తాస్ అంటారు. తాస్ అంటే సంచి. బోట్‌స్ఖాప్ అంటే అసలు కబురేనని వాళ్ళమ్మ చెప్పేది. పూర్వం కబురు పట్టుకెళ్ళిన మనిషే వస్తూ వస్తూ ఉప్పో పిండో తెచ్చేది. కాలం గడిచేకొద్దీ కబురు పేరు సరుకులకి అంటుకుంది. ఫెన్నా మాత్రం ఆ పాత అర్థాన్ని వదల్లేదు. ఎవరి మాట వాళ్ళు చెప్పమన్న చోటే చెప్పేది. ఒక ఇంటి సంగతి ఇంకో ఇంట్లో ఎత్తేది కాదు.

బెరెండ్ పుట్టినరోజుకి కూతురు రూలిన్ వచ్చింది. గుండ్రంగా వేసిన కుర్చీల చుట్టూ తిరిగి, అక్కడి ఆచారం ప్రకారం ఆయనకే కాక ఇరుగుపొరుగుకీ చేయి కలిపి శుభాకాంక్షలు చెప్పింది. ఫెన్నా దగ్గర మాత్రం ఆగిపోయింది.

"ఫెన్నత్తా, నాన్న తాగుతున్నాడా? అవునంటే ఈ వారమే వృద్ధాశ్రమంలో చేర్పిస్తాను."

నిజం ఫెన్నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పొయ్యి ముట్టుకోవద్దని కూతురు ఆయనకి గట్టిగా చెప్పి ఉంచింది. ఫెన్నా నిజం చెప్పినా ఆయన ఇల్లు వదలాలి, చెప్పకపోయినా వదలాలి.

"నీ మాట నువ్వే చెప్పుకో బెరెండ్. నేను మోసేదాన్నే," అంది.

ముసలాయన కేకు పళ్ళెం పక్కన పెట్టాడు. "సారా కాదే పిల్లా, ఆపిల్ గుజ్జు. నేనే ఉడికించి, లేవలేని వాళ్ళకి సీసాల్లో పంపుతున్నాను. ఖాళీ సీసాలు మళ్ళీ ఫెన్నాయే తెస్తుంది."

"అది నువ్వు చేసిందా?" లామర్ట్ నోరు తెరిచాడు. "ఫెన్నా చేసిందనుకున్నామే. మంచం దిగలేని మా ఆవిడ వాటా కూడా నేనే నాకేశాను."

రూలిన్ అతని వంక చూడనైనా లేదు. "కళ్ళు సరిగ్గా కనబడవు, మంట దగ్గర ఒక్కడివే ఎలా నిలబడ్డావు నాన్నా?"

"ఒక్కణ్ణే ఎక్కడ? ఫెన్నా ఉంటుందిగా."

రూలిన్ ఫెన్నా వంక చూసి, కేకు పళ్ళెం మళ్ళీ తండ్రి చేతిలో పెట్టింది. "అయితే ఇక్కడే ఉండు," అంది.

వీధివాళ్ళు లెక్కపెట్టుకున్న ఆ అరగంటా ఫెన్నా పొయ్యి పక్కన స్టూలు వేసుకుని, గ్యాసు కట్టేసేదాకా కూర్చునేది.