మార్కులు లేని చీటీలు

గ్వెల్ఫ్‌లో నేను పాఠాలు చెప్పే కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా కమలాపండు ఒలిస్తే నేను లేచి బయటికి వెళ్లిపోతాను. పండంటే గిట్టదనుకుంటారు మా వాళ్లు. గిట్టనిది పండు కాదు, ఆ వాసనతో పాటు గుర్తుకొచ్చే మనిషి. పదేళ్ల కిందట లండన్‌లో, అంటే ఇంగ్లండ్‌ది కాదు, ఇక్కడే కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలో ఉన్న లండన్‌లో, నేను ల్యాబ్ అసిస్టెంట్ కోర్సు చదివాను. రక్తం తీయడం, సరైన గొట్టాల్లో నింపడం, పరీక్షకు పంపడం మా పని. ఆ పని నేర్పినాయన వాల్టర్. పేరు పెట్టి పిలవమనేవాడు. మా వరంగల్ బళ్లో చదివిన నోటికి అది పట్టుబడక చివరిదాకా సార్ అనే పిలిచాను.

క్లాసు ముగిసే ముందు ఆయన తలా ఒక చీటీ ఇచ్చేవాడు. ఈ రోజు అర్థం కానిదేదో అందులో రాసి, వెళ్తూ వెళ్తూ బల్ల మీద పెట్టాలి. ఆయన బల్ల అంచున కూర్చుని, కమలాపండు ఒలుచుకుంటూ ఒక్కొక్కటీ చదివేవాడు. "వీటికి మార్కులు లేవు. ఇవి పరీక్షించేది నన్ను, మిమ్మల్ని కాదు" అని మొదటిరోజే చెప్పాడు. నేను నమ్మలేదు. అర్థం కాలేదన్నవాణ్ణి బెంచీ ఎక్కించే చోట పెరిగినదాన్ని. మూడు వారాలపాటు రోజూ "అంతా అర్థమైంది, థాంక్యూ సార్" అని గుండ్రంగా రాసిచ్చాను.

ఒకరోజు గుమ్మం దగ్గర ఆపాడు. నా చీటీలన్నీ ఆయన చేతిలో ఉన్నాయి. "నేను ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. నాకే ఇంకా అంతా అర్థం కాలేదు. నీకు మూడు వారాల్లో ఎలా అయింది?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వుకి నేను పడిపోయాను. మరునాడు మొదటి నిజం రాశాను: ఏ రంగు మూత గొట్టం ముందు నింపాలో, ఏది తర్వాతో నాకు కలగాపులగం అవుతోంది అని. ఆ మర్నాడు ఆయన గొట్టాలన్నీ తెచ్చి, నా పేరెత్తకుండా, క్లాసంతటికీ మళ్లీ మొదటినుంచి చెప్పాడు. ఒకదాంట్లోని మందు ఇంకోదాంట్లో చేరితే పరీక్ష ఎలా తప్పుతుందో చూపించాడు. నా జన్మలో ఒక మేష్టారు నా అజ్ఞానాన్ని అంత మర్యాదగా పట్టుకోవడం అదే మొదలు. ఇక రోజూ రాశాను. ముసలివాళ్ల నరం దొరకడం లేదని రాస్తే, "కళ్లు మూసుకో, వేలితో వెతుకు" అని తన చేయే చాచాడు. మా అమ్మ వయసు మనిషిని గుచ్చాలంటే భయమేస్తోందని కూడా రాశాను.

నాతో గది పంచుకున్న హారికది గుంటూరు. క్లాసులోనూ నా పక్కనే కూర్చునేది, నేను రాసే చీటీలు చూసి తల పట్టుకుంది.

"నీకు బుర్ర పనిచేస్తోందా స్వప్నా? నాకు రాదు మొర్రో అని రాతపూర్వకంగా ఇస్తావేంటే?"

"మార్కులు లేవన్నడు కదనే."

"ఈ దేశంలో కాగితం ఏదీ పారెయ్యరు. గుర్తుపెట్టుకో."

తను మాత్రం రోజూ అంతా అర్థమైందనే రాసేది. ఇంటికొచ్చాక అన్నం తింటూ నన్ను అడిగి నేర్చుకునేది.

కోర్సు చివర ఆసుపత్రిలో ఆరు వారాలు పని చేస్తేనే సర్టిఫికెట్. ఆ ఏడాది ఆసుపత్రి సీట్లు తక్కువ వచ్చాయి. నేను రాతపరీక్ష, చేతిపరీక్ష రెండూ పాసయ్యాను. ఎవరు సిద్ధంగా ఉన్నారో తేల్చేది మాత్రం వాల్టర్. ఆగస్టులో నా స్టడీ పర్మిట్ అయిపోతుంది. ఈ విడతలో వెళ్లకపోతే మళ్లీ అప్లై చేయాలి, వాళ్లు కాదంటే పెట్టె సర్దుకోవాలి. ఆ సంగతి ఆయనకు తెలుసు.

గదిలోకి పిలిచి ఫైలు తెరిచాడు. నా చీటీలు తేదీల వారీగా పిన్ను కొట్టి ఉన్నాయి. భయమేస్తోందని రాసింది అన్నిటికన్నా పైన ఉంది.

"నువ్వు ఇంకా సిద్ధంగా లేవేమోనని నా బెంగ. నీ మాటల్లోనే ఉంది, చూడు."

"వీటికి మార్కులు లేవన్నారు కదా సార్."

"మార్కులు వెయ్యలేదు. సమాచారంగా మాత్రమే చూశాను."

"మిగతావాళ్లు?"

"వాళ్లెవరూ ఇలాంటి ఇబ్బందులు రాయలేదు."

ఆయన గొంతులో కపటం లేదు. నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. అందుకే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దుర్మార్గుడైతే తిట్టి మరిచిపోయేదాన్ని. హారిక ఆసుపత్రికి వెళ్లింది. వెళ్లే ముందురోజు గొట్టాల వరస మరోసారి నన్నే అడిగింది, నేనే చెప్పాను. పర్మిట్ పొడిగింపుకి అప్లై చేసి, అది వచ్చేదాకా ఐదు నెలలు పోస్టుడబ్బా చూస్తూ బతికాను. వచ్చింది. తర్వాతి విడతలో వెళ్లాను. ఆ తర్వాత వాల్టర్ వరండాలో ఎదురై, "చూశావా, ఇప్పుడెంత సిద్ధంగా ఉన్నావో" అని సంబరపడ్డాడు. నేను థాంక్యూ సార్ అన్నాను. ఆయనకు నేను చెప్పిన ఆఖరి అబద్ధం అదే.

పోయిన నెల మా కాలేజీవాళ్లు నన్నూ క్లాసు చివర చీటీలు తీసుకోమన్నారు. వాటిని ప్రతి విద్యార్థి ఫైల్లోకీ ఎక్కించాలట. నా క్లాసులో నిజామాబాద్ అమ్మాయి ఒకతె ఉంది. సూది పట్టుకుంటే చేయి వణుకుతుంది. ఆ అమ్మాయీ "అంతా అర్థమైంది మేడం" అనే రాసింది. అందరూ వెళ్లాక ఆపి, నేను కళ్లు మూసుకుని నా చేతి మీదే వేలితో నరం వెతకడం చూపించాను. అలా నేర్పినవాణ్ణి తిట్టుకుంటూనే చూపించాను. కాసేపు ప్రయత్నించి, బ్యాగు భుజానికి తగిలించుకుంటూ అడిగింది.

"మేడం, నిజంగనే అర్థం కాకపోతే చీటీల ఏం రాయాలె?"

"నాకు చెప్పు. ఎన్నిసార్లయినా చెప్పు. కాగితం మీద మాత్రం రాయకు."

సరేనని తలూపి వెళ్లిపోయింది. నేను ఆ చీటీని ఫైల్లోకి ఎక్కించాను. వాల్టర్ నాకు ఎంత అన్యాయం చేసినా, తన దగ్గర చదువుకునే పిల్లను అబద్ధం రాయమని ఏనాడూ చెప్పలేదు. నేను చెప్పాను.