ఎర్ర దారం కట్టిన కార్డు

తాతయ్య నమ్మేవి రెండే: అమ్మమ్మ మాట, దారం ముడి. నీటి సరఫరా ఆఫీసులో పంపులను నడిపే సర్వర్ గది ఇరవై ఆరేళ్లుగా ఆయన చేతిలోనే ఉంది. ఏ తీగ ఎటు పోతుందో గుర్తుకు అమ్మమ్మ కుట్టుపెట్టెలోని రంగు దారాలు తెచ్చి కట్టేవాడు. చీటీలు రాలిపోతాయి, మనుషులు మరిచిపోతారు, ముడి మాత్రం ఉంటుందనేవాడు. ఆఫీసులో ఆయనకు దారాల మేస్త్రి అని పేరు పడింది. అలా పిలిస్తే మూతి ముడిచేవాడు. ఎవరైనా అలా పిలవడం మానేస్తే ఇంకా ముడిచేవాడు.

పక్షవాతం వచ్చి అమ్మమ్మకు కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఎవరు చెంచా పట్టుకొచ్చినా పళ్లు బిగించేది. తాతయ్య పట్టుకుంటేనే నోరు తెరిచేది.

"నీ చెంచాలో ఏం మందు కలుపుతున్నావో నాకూ చెప్పు నాన్నా," అంది పిన్ని, గిన్నె పక్కన పెట్టేస్తూ.

"నలభై ఏళ్లు మీ అమ్మ ఏం పెట్టినా వంక పెట్టకుండా తిన్నాను. ఇప్పుడు తన వంతు."

ఆఫీసు బస్సులో గంటన్నర దూరం. సెలవులన్నీ అయిపోయాయి. ఉద్యోగం మానేద్దామంటే అమ్మమ్మ వైద్యం ఆఫీసు పేరు మీదే జరుగుతోంది. తాతయ్య వెళ్లి ఇంజనీరు ఎదుట నిలబడ్డాడు.

"సర్వర్‌ను ఇంటి నుంచి చూసుకోగలిగితే ఇంట్లోనే ఉండండి మేస్త్రిగారూ," అన్నాడు ఇంజనీరు. "సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఇంటి నుంచే మూడో పంపు ఆపి, మళ్లీ నడిపించి చూపించండి. అది జరక్కపోతే మాత్రం రోజూ రావాల్సిందే. పైవాళ్లకు నేను సర్దిచెప్పుకోలేను."

తాతయ్య సర్వర్ విప్పి రెండో నెట్‌వర్క్ కార్డు బిగించాడు. పాత కార్డు పంపుల వైపు, దానికి ఆకుపచ్చ దారం. కొత్తది బయటి వైపు, ఇంటి నుంచి వచ్చే మాట అందుకోవడానికి; దానికి ఎర్ర దారం. గదిలో కూర్చుని చూస్తే అంతా సవ్యంగా ఉంది. ఇంటికొచ్చి చూస్తే ఉలుకూ పలుకూ లేదు. మంచం పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని రెండు గంటలు దాన్ని తిట్టాడు. జబ్బు పడ్డ పక్షం రోజులకు మొదటిసారి అమ్మమ్మ పెదవి ఒక పక్క కాస్త కదిలింది. ఆయన తిట్లంటే ఆవిడకు మొదటినుంచీ సరదా.

తిడుతుండగానే తట్టింది. బయటికి వెళ్లే దారి రెండు కార్డులకూ రాసేశాడు. ఎర్ర గుమ్మంలో వచ్చిన చుట్టాన్ని సర్వర్ ఆకుపచ్చ గుమ్మంలోంచి సాగనంపుతోంది, చుట్టం ఇంటికి చేరడం లేదు. శనివారం మళ్లీ బస్సెక్కి వెళ్లి, ఆకుపచ్చ కార్డుకు రాసిన దారి కొట్టేశాడు. సాయంత్రం ఇంటికొచ్చి మీట నొక్కగానే సర్వర్ పలికింది. ఆ పూట ఒక చేత్తో చెంచా, ఒక చేత్తో కీబోర్డు. అమ్మమ్మ గిన్నెడు జావ తాగింది.

అక్కడితో చేతులు కట్టుకుని కూర్చుంటే ఆయన తాతయ్యే కాదు.

సోమవారం ఎనిమిదిన్నరకు కొత్త కార్డు పేరు ఆయన కంట్లో నలుసైంది. యంత్రం దానికేదో అంకెల పేరు పెట్టుకుంది. బయట ముడి ఉంటే సరా, లోపల కూడా 'ఎర్ర' అని ఉండొద్దూ? పేరు మార్చాలంటే ముందు కార్డును ఆపాలి, తర్వాత మార్చాలి, తర్వాత లేపాలి. ఇరవై ఆరేళ్లుగా సర్వర్ ఎదుట కూర్చుని వందసార్లు చేసిన పనే. వేళ్లు వాటంతటవే కదిలాయి. ఆపమన్న మాట ఎర్ర కార్డు గుండానే వెళ్లింది. ఇక లెమ్మని చెప్పడానికి దారి లేదు.

తెర బిగుసుకుపోయింది.

"ఏమైంది నాన్నా?"

"లోపల గడియ పెట్టించి నేను బయట నిలబడ్డాను."

"కూర్చున్న కొమ్మ నరుక్కున్నావన్నమాట."

"రంపానికి పదును పెట్టుకుని మరీ."

ఆఫీసులో ఎవరితోనైనా చేయిద్దామంటే సర్వర్ గది తాళంచెవి తాతయ్య జేబులోనే ఉంది. ఇంకొకరికి ఇస్తే దారాలు కదుపుతారని ఇంకో చెవి చేయించనివ్వలేదు. అమ్మమ్మ గిన్నె పిన్ని చేతిలో పెట్టి బస్సు కోసం పరుగెత్తాడు. ఆయన చేరేసరికి పదిన్నర. ఒక్క వరుస కొట్టగానే ఎర్ర దారం పక్కన దీపం వెలిగింది.

"ఇప్పుడు పనిచేస్తోందా?" అన్నాడు ఇంజనీరు, గుమ్మంలో నిలబడి.

"భేషుగ్గా."

"పొద్దున నిజంగానే పంపు ఆగి ఉంటే, మేస్త్రిగారూ?"

ఇంజనీరు తల దించుకున్నాడు. "రేపటి నుంచి వచ్చేయండి," అన్నాడు మెల్లగా.

దారి మాత్రం ఆ రోజు నుంచి ఒక్కసారీ తెగలేదు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు తాతయ్య సర్వర్ గదిలో కూర్చుని, ఆ ఎర్ర కార్డు దారిలోనే ఇంట్లో మంచం పక్కనున్న ల్యాప్‌టాప్‌లో పలుకుతాడు. పిన్ని చెంచా పట్టుకుంటుంది.

"నోరు తెరువే. నేనేనే."

అమ్మమ్మ దుప్పటి కింద రోజురోజుకీ చిన్నదైపోతోంది. గొంతు వినగానే కళ్లు కదులుతాయి. పళ్లు మాత్రం విడవవు.

"ఇటు చూస్తోందా?" అని అడుగుతాడు తాతయ్య.

"వాకిలి వైపు చూస్తోంది నాన్నా."

చెంచాలో జావ చల్లారిపోతుంది. తాతయ్య ఎర్ర దారం విప్పి, మళ్లీ ముడివేస్తాడు. ముడి గట్టిగానే ఉంటుంది.