చెప్పులు విప్పని ఇల్లు

మా వెనక తలుపుకు ఇనుప గ్రిల్లు బిగించడానికి గత వారం ఇద్దరు పనివాళ్లు వచ్చారు. అక్క పోయాక ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటున్నానని, మా వీధిలో ఈమధ్య దొంగలు పడ్డారని, మా మేనల్లుడు దగ్గరుండి ఆ పని పెట్టించాడు. పనివాళ్లు పెట్టుకున్న రేడియోలో ఎవరో ఇద్దరు మన మారిషస్‌నూ పక్కనున్న రీయూనియన్‌నూ పోల్చి మాట్లాడుతున్నారు. ఎక్కడ హత్యలు ఎక్కువ, ఎక్కడ దొంగతనాలు ఎక్కువ, అక్కడ ఫ్రెంచి ప్రభుత్వం ఇచ్చే భృతులు మనుషుల్ని ఏం చేశాయి, ఇక్కడ మత్తుమందులు పిల్లల్ని ఏం చేస్తున్నాయి, చివరికి ఏ దీవిలో మనిషి నిశ్చింతగా నిద్రపోగలడు అన్నది తేల్చాలని వాళ్ల ప్రయత్నం. నేను వంటింట్లో పప్పు ఏరుకుంటూ విన్నాను. ఆ ప్రశ్న ఒకప్పుడు మా ఇంట్లో నిజంగానే వచ్చింది. జవాబు చూసి రావడానికి అమ్మా నేనూ ఓడెక్కి వెళ్లాం కూడా.

నా వయసు వాళ్లకు ఆ రోజుల గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. స్వాతంత్ర్యం వస్తున్నదని తెలుసు, వచ్చాక ఏమవుతుందో ఎవరికీ తెలియదు. పోర్ట్ లూయీలో గొడవలు మొదలయ్యాయని, ఒక పేటవాళ్లు ఇల్లు వదిలి సామాను తోపుడుబండ్ల మీద వేసుకుని ఇంకో పేటకు పోతున్నారని, ఇంగ్లీషు సైనికులు లారీల్లో తిరుగుతున్నారని సాయంత్రం బస్సు దిగినవాళ్లు చెప్పేవాళ్లు. మాది రివియేర్ దు రాంపార్ దగ్గర చెరకు మధ్యనున్న చిన్న ఊరు. హిందువుల ఇళ్లు ఎక్కువ, సముద్రం వైపు కొన్ని క్రియోల్ క్రైస్తవుల ఇళ్లు. ఆ గొడవ మనది కాదు, వేరేవాళ్లది అని నాన్న అంటూనే శనివారం రామభజన ఆపేశారు. తాళాల చప్పుడు వింటే మనుషులంతా ఎక్కడ చేరారో తెలిసిపోతుందని ఆయన భయం. భజన ఆగిపోయాక ఊరు మరీ నిశ్శబ్దమై, ఆ నిశ్శబ్దానికి ఇంకా భయం వేసేది. ఎవరైనా వస్తున్నట్టు కనిపిస్తే మొదటి ఇంటివాళ్లు ఖాళీ రేకు డబ్బా కొట్టాలని, అది వినగానే ఆడవాళ్లూ పిల్లలూ వెనక తలుపు నుంచి చెరకులోకి పోవాలని పెద్దలు చెప్పారు.

చెరకులోకి పోవడం అంత తేలిక కాదు. కోసిన చెరకు మోళ్లు మేకుల్లా ఉంటాయి. అందుకని అమ్మ మమ్మల్ని సవాతులు వేసుకుని పడుకోమన్నది. రబ్బరు చెప్పుల్ని మేము సవాతులంటాం. దేవుడి దీపం ఉన్న ఇంట్లోకి చెప్పులతో అడుగు పెడితే వీపు చిట్లగొట్టే మనిషి, తన చేత్తో తనే మా తమ్ముడి కాళ్లకు సవాతులు తొడిగి, జారిపోకుండా గుడ్డపీలికతో కట్టి, దీపానికి దండం పెట్టుకునేది. ఇంటి లోపల చెప్పుల చప్పుడు విన్నది నేను అదే మొదటిసారి.

కంచె అవతలి క్రియోల్ ఆవిడ అమ్మకు మంచి స్నేహితురాలు, ఇద్దరూ ఒకర్నొకరు కొమేర్ అని పిలుచుకునేవాళ్లు. ఒక సాయంత్రం కంచె మీదికి వంగి, "చూడు కొమేర్, మావాళ్లొస్తే నువ్వు మా ఇంటికి రా, మీవాళ్లొస్తే నేను మీ ఇంటికొస్తా, సరేనా?" అన్నది. అమ్మ నవ్వింది. "ఇద్దరూ ఒకేసారి వస్తే?" అన్నది. "ఆయో, అప్పుడు కోళ్లగూట్లో దూరదాం!" అని ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఉన్నా ఆవిడ కాళ్లకు బూట్లున్నాయి. అంతకుముందు ఆమెను బూట్లతో చూసింది ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడే.

మా ఊళ్లో ఏమీ జరగలేదు. రేకు డబ్బా ఒక్కసారే మోగింది, అదీ తప్పిపోయిన ఆవు కోసం. అయినా నాన్న తట్టుకోలేకపోయారు. అక్కను రీయూనియన్‌లో ఇచ్చాం. బావవాళ్లు కూడా ఒకప్పటి తెలుగువాళ్లే, అక్కడ సెంతాండ్రే అనే ఊళ్లో స్థిరపడ్డారు. బావ చక్కెర మిల్లులో ఫిట్టరు. ఆ దీవి ఫ్రాన్సు కిందే ఉంది, అక్కడ జెండా మారే భయం లేదు, అందరం అక్కడికే పోతే ఎలా ఉంటుందని నాన్న ఆలోచన. నువ్వు వెళ్లి చూసి చెప్పు, బాగుంటే చెరకు అమ్మేసి వచ్చేస్తాం అని అమ్మతో అన్నారు. కాలేజీలో ఫ్రెంచి చదివినదాన్నని తోడుగా నన్ను పంపారు.

ఓడ దిగి సెంతాండ్రే చేరేసరికి మాకు కలలో నడుస్తున్నట్టుంది. చీకటి పడుతున్నా దుకాణాలు తెరిచే ఉన్నాయి. పిల్లలు రోడ్డు మీద బంతి ఆడుతున్నారు. చర్చికి కాస్త దూరంలోనే మనవాళ్ల గుడి, రెంటికీ మధ్య ఒకే రొట్టెల కొట్టు. బడిలో పిల్లలకు భోజనం పెడతారట, జబ్బు చేస్తే ఆసుపత్రి ఉందట. అమ్మ అక్క ఇంటి మెట్టు మీద కూర్చుని, ఎన్నో వారాల తర్వాత కాళ్లు చాపుకుంది. నేను లోపలే నిర్ణయించేసుకున్నాను, ఇక మనం బతికాం అని.

మమ్మల్ని చూసి అక్క ఏడ్చింది. లోపలికి తీసుకెళ్లి టీ పెట్టింది. అప్పుడు చూసింది అమ్మ, అక్క కాళ్లకు పట్టీలున్న గోధుమరంగు తోలు బూట్లు. వంటింట్లో, దీపం గూటికి రెండడుగుల దూరంలో.

"ఏమే, మాదామ్‌వయ్యావా? దీపం ముందర బూట్లా?"

"ఇక్కడ నేల చల్లన, అమ్మా."

"నేల చల్లనయితే గోనె పరుచుకో. మీ నాన్న చూస్తే ఏమంటారు?"

అక్క విప్పలేదు. ఫ్రెంచివాళ్ల అలవాటు పట్టుకుందని, కొత్త దర్జా అని అమ్మ ఆ రోజంతా గొణుగుతూనే ఉంది. నేనూ అలాగే అనుకున్నాను. మా ఇంట్లో అందరం ఎందుకు చెప్పులు వేసుకుని పడుకుంటున్నామో తెలిసి కూడా, అక్క బూట్లను చూసి మా ఇద్దరికీ అది తట్టలేదు. బయట అంత ప్రశాంతంగా ఉంటే ఎలా తడుతుంది?

మర్నాడు వీధి కొళాయి దగ్గర నీళ్లు పడుతుంటే అక్కడి ఆడవాళ్లు నా చుట్టూ మూగారు. మీ దీవిలో ఒకర్నొకరు నరుక్కుంటున్నారటగా, పాపం, ఇక్కడే ఉండిపోండి అని జాలిపడ్డారు. వాళ్లలో ఒకామె, "మీ అక్క భలే పరిగెత్తుతుందిలే, చెరకులో కుందేలు కూడా అందుకోలేదు" అన్నది. తక్కినవాళ్లు కొందరు నవ్వారు, కొందరు బిందెల వైపు చూశారు. హాస్యమనుకుని నేనూ నవ్వాను.

ఆ శనివారం మధ్యాహ్నం మిల్లులో జీతాలు. అక్కా అమ్మా ఆకుకూర బాగు చేస్తున్నారు. రమ్ము కొట్టు వైపు నుంచి మగవాళ్ల కేకలు, ఎవరో పాట అందుకోవడం వినిపించింది. అక్క చేతిలో కాడ ఆగింది. లేచి పొయ్యి మీది వేడి గిన్నె దించి మూలకు జరిపింది. కూరలు కోసే కత్తిని బియ్యం డబ్బా వెనక పెట్టింది. వెనక తలుపు గడియ తీసి, తలుపు ఓరగా ఉంచి, వంగి బూట్ల పట్టీలు ఇంకో బెజ్జం బిగించింది. ఇవన్నీ మాటల మధ్యనే, మాట ఆపకుండానే చేసింది. ఆ తలుపు అవతల చెరకు.

అమ్మ ఆ తలుపును చూసింది. తర్వాత బూట్లను చూసింది. ఆమె ముఖం అలా తెల్లబోవడం మా ఊళ్లో రేకు డబ్బా మోగినప్పుడు కూడా నేను చూడలేదు.

బావ వచ్చాడు. ఏమీ జరగలేదు. రొట్టె తెచ్చాడు, అమ్మకు మిఠాయి తెచ్చాడు. కుర్చీలో కూర్చుని మర్యాదగానే మాట్లాడాడు. "వచ్చేయండి అత్తా, అంతా వచ్చేయండి. మీ మోరీస్ దీవికి పిచ్చి పట్టింది. ఇక్కడ ఎవరి దేవుడెవరని ఎవరూ అడగరు" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. తర్వాత అక్క కాళ్ల వైపు చూసి నవ్వాడు. "మీ అమ్మాయికి నేనంటే నమ్మకం లేదత్తా. బూట్లు విప్పదు." అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వులు విన్నప్పుడు నాకు వేసిన భయం గొడవల రోజుల్లో వేసింది కాదు. అక్కడైతే ఎవరైనా వస్తే పరిగెత్తాలి. ఇక్కడ వచ్చినవాడు ఇంటివాడు. పరిగెత్తితే పక్కవాళ్లు మర్యాదగా తెచ్చి ఇంటి దగ్గర దిగబెడతారు. అంతకుముందు అలా జరిగిందని అక్క తర్వాతెప్పుడో చెప్పింది.

దేవుడి పేరు మీద అబద్ధం ఆడని అమ్మ, మర్నాడు బావ ముందు నిలబడి, గొడవల్లో పిల్లలు క్షేమంగా ఉంటే పెద్దకూతురి చేత ఘటం ఎత్తిస్తానని మా ఊరి అమ్మోరికి మొక్కుకున్నానని, ఆ మొక్కు ఇప్పుడే తీరాలని చెప్పింది. బావ పళ్లు తోముకునే పుల్ల విరిచి పారేశాడు. అతని తల్లి కూడా అమ్మోరికి భయపడే మనిషే. చివరికి, త్వరగా తిరిగి పంపించేయండి అన్నాడు.

రేవు దాకా తనే వచ్చాడు. అక్క పెట్టె తనే మోశాడు. అక్క ప్రయాణం కాగితాలు అతని చొక్కా జేబులో ఉన్నాయి. ఓడ కూత వేస్తున్నా వాటిని తియ్యలేదు. ఆ జేబు వైపు మేము ముగ్గురం చూడకుండా ఉండడానికి పడిన పాట్లు నాకు ఇప్పటికీ గుర్తు. మాతో ఎక్కబోతున్న ఒకామె, ఇప్పుడా మోరీస్‌కు వెళ్తున్నారు, మీకేమైనా పిచ్చా, నాకైతే తప్పదు, అక్కడ చంపేస్తున్నారు అని కేకలు పెడుతోంది. బావ ఆమె వంక చూసి, అక్క వంక చూసి, ఎక్కడికి పోతుందిలే అన్నట్టు నవ్వుతూ కాగితాలు తీసి అమ్మ చేతిలో పెట్టాడు.

ఓడ కదిలాక ఆ ప్రయాణికురాలు మళ్లీ అడిగింది, అక్కడ భయం కదా అని. అమ్మ అవునంది. తర్వాత మావైపు తిరిగి తెలుగులో మెల్లగా, "అక్కడ తలుపేసుకుంటే చాలు" అన్నది.

జెండా మారిన రోజు నాన్న పోర్ట్ లూయీ వెళ్లలేదు, ఎవర్నీ వెళ్లనివ్వలేదు. కంచె అవతలి ఆవిడ రేడియో చప్పుడు పెంచితే మేము మా వాకిట్లోంచే విన్నాం. అక్క ఇంట్లో ఇంకా బూట్లతోనే తిరుగుతుండేది, అమ్మ ఒక్క మాట అనేది కాదు. ఆ రోజు రేడియోలో కొత్త జాతీయగీతం అయ్యాక అక్క మెట్టు మీద కూర్చుని పట్టీలు విప్పి, బూట్లను మా సవాతుల పక్కన పెట్టి, లోపలికి వెళ్లింది. బావ తర్వాత రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ నాన్న తలుపు తియ్యలేదు. అమ్మోరి మొక్కు మాత్రం అమ్మ నిజంగానే తీర్చింది.

రేడియోలో వాళ్లు రెండు దీవుల లెక్కలూ చదివారు. అక్క ఆ దీవి లెక్కలోకి ఎప్పుడూ రాలేదు. మేము ఈ దీవి లెక్కలోకి రాలేదు. మా రెండు ఇళ్లలోనూ ఏమీ జరగలేదు కదా. ఇప్పుడు మా వీధిలో పిల్లలు బూట్లతోనే ఇళ్లలో తిరుగుతారు, గచ్చు నేలలు, ఎవరూ ఏమీ అనరు. అలా ఎవరైనా కనిపిస్తే నా కళ్లు ముందు వెనక తలుపును వెతుకుతాయి. ఆ తలుపుల అవతల ఇప్పుడు చెరకు లేదు, పొరుగువాళ్ల గోడ ఉంది. ఆ గోడ మీదికి వంగి పిలిచే కొమేర్ కూడా లేదు. పక్కింటివాళ్ల పేర్లు నాకు తెలియవు.

గ్రిల్లు బిగించడం అయ్యాక మేనల్లుడు తాళంచెవి తనతో తీసుకెళ్తానన్నాడు, ముసలిదాన్ని ఎక్కడో పారేసుకుంటానని. నేను ఇవ్వలేదు. దొంగ లోపలికి రాకుండా గ్రిల్లు ఆపుతుంది, నిజమే. తలుపు లోపలి పక్కన, చీకట్లో కూడా చెయ్యి తగిలే ఎత్తులో ఒక మేకు కొట్టమన్నాను. చెవి దానికే వేలాడుతోంది.