లప్పం డబ్బా

మా మేనమామ కడపలో పాత మిద్దెలు కొని, బాగుచేసి అమ్మేవాడు. పని జరిగినన్నాళ్లూ సంసారం ఆ ఇంట్లోనే. రంగు ఆరేసరికి ఆయన కాలు నిలవదు, ఇంకో ఇల్లు వెతకడానికి బయలుదేరేవాడు. ఎవరింటికి పోయినా మాట్లాడుతూనే గోడ తడిమేవాడు. పాత మేకు బొక్క తగిలితే జేబులోంచి చిన్న లప్పం డబ్బా తీసి, బొటనవేలితో పూడ్చేవాడు. మా ఇంట్లోనూ అడక్కుండానే పూడ్చినాడు.

గోడకు మేకు కొట్టడానికి అత్తకు అనుమతి లేదు. చనిపోయిన వాళ్లమ్మ ఫోటో ఏడు ఇండ్లలోనూ బియ్యం డబ్బాకు ఆనించే ఉండేది.

ఎనిమిదో ఇంటికి నేను పోయిన రోజు, కొనేవాళ్లు వస్తారని తెలిసి కూడా అత్త మేకు కొట్టి ఆ ఫోటో తగిలించింది. మామ చూసి, గదిలో అటూ ఇటూ శానాసేపు తిరిగినాడు.

"ఏందే ఇది? వాళ్లొచ్చేలోగా పీకాల గదా."

"పీకు. బొక్క మాత్రం పూడ్చొద్దు," అనింది అత్త.

మామ మేకు పీకినాడు. లప్పం డబ్బా మూత తిప్పి, మళ్లీ బిగించి, జేబులో పెట్టుకున్నాడు.

ఇల్లు చూడొచ్చినాయన వేలు పెట్టి చూపించినాడు. "ఈడ బొక్క ఉండాదే?"

"ఉండనీప్పా," అన్నాడు మామ. "ఈ ఇంట్లో మేము కాపురముంటిమి."