సెగ తగలని గది

తళుకు మామ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా వినపడేది కాదు. ప్యాకెట్ల ఫ్యాక్టరీలో లామినేషన్ మిషను మీద ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాడు. పైన బొమ్మలు అచ్చేసిన ప్లాస్టిక్ పొర, మధ్యలో ఉల్లిపొర కన్నా పలచని అల్యూమినియం రేకు, అడుగున ఇంకో ప్లాస్టిక్ పొర. మూడింటినీ జిగురుతో ఒకటి చేసి రోలుగా చుట్టడం అతని పని. పొరలు గట్టిగా అతుక్కున్నాయో లేదో చూడటానికి లాబ్‌లో మిషను ఉంది. మామ మాత్రం రోలు అంచు కత్తిరించి బొటనవేలి గోటితో గీరేవాడు. అతని గోటికి ఊడిందంటే ఆ రోలు చెత్తకే.

ఆ చెత్త ఫ్యాక్టరీ గోడ వెనక గుట్టలుగా పడి ఉండేది. బొమ్మ పక్కకి జరిగినవి, ముడతలు పడ్డవి, జిగురు అంటనివి. పాత సామాన్ల వాళ్లు కూడా ముట్టుకోరు. ప్లాస్టిక్‌గా కరిగిద్దామంటే రేకు అడ్డం, రేకుగా అమ్ముదామంటే ప్లాస్టిక్ అడ్డం. కలపడానికి పెద్ద పెద్ద మిషన్లు తెచ్చిన దొరలకు, విడదీయడం ఎలాగో ఆలోచించే తీరిక లేకపోయింది. ఆ గుట్టను ఆనుకునే కార్మికుల గదులు. బిస్కెట్టుకు వేడి తగలకూడదని మూడు పొరలు చుడతారు. చుట్టే మనిషి నెత్తిన ఒకటే ఇనప రేకు.

మామ భార్య కూడా అదే ఫ్యాక్టరీలో ప్యాకెట్లు కోసే విభాగంలో చేసేది. గుండె నీరసించి, కాళ్లకు నీరు దిగి మంచాన పడింది. "ఎండాకాలం జాగ్రత్త. వేడి తగలనివ్వకండి" అన్నాడు డాక్టరు.

రేకుల గదిలో వేడి తగలనివ్వకుండా ఎలా? మామ ఆ గుట్ట మీద పడ్డాడు. మొదట తళుకు పొరను తీసుకెళ్లి కప్పుకే అంటించాడు. కాలే పెనానికి గుడ్డ తొడిగినట్టయింది. పీకేశాడు. మళ్లీ కట్టాడు, మళ్లీ పీకాడు. చివరికి కిటుకు చిక్కింది. కప్పుకీ పొరకీ మధ్య జానెడు గాలి వదలాలి, మెరిసే వైపు పైకి పెట్టాలి. అంచుల మీద ఇస్త్రీ పెట్టె ఆనిస్తే పొరలే కరిగి కరుచుకుంటాయి, కుట్టు పని లేదు. గోడలూ రేకులే కాబట్టి నాలుగు పక్కలా తొడిగాడు. మధ్యాహ్నం మంచం మీద కూర్చుంటే చెట్టు నీడలో కూర్చున్నట్టే ఉంది.

మెరిసేది పైకి పోవడంతో బొమ్మల వైపు కిందికి వచ్చింది. పడుకుని చూస్తే కప్పంతా సగం సగం బిస్కెట్లు.

"ఏమయ్యా, నన్ను ప్యాక్ చేసి ఏ ఊరికి పంపుతావు?" అంది ఆమె.

"నీ నోటికి తాళం ఎయ్యా! ఒళ్లు చల్లబడిందా లేదా?"

"చల్లబడింది గానీ, గడువు తేదీ ఎక్కడేశావని చూస్తున్నా."

నవ్వితే ఆమెకు ఆయాసం వచ్చేది. అయినా నవ్వేది.

మాట పాకింది. పక్కగది కోడలు వచ్చింది, ఎదురుగది అవ్వ వచ్చింది. ఆదివారాలన్నీ నిచ్చెన మీదే గడిపి పదమూడు గదులకు తొడిగాడు మామ. ఒక్క తంటా మాత్రం ఉండేది. పొర తొడిగిన గదిలో ఫోను పలకదు. మాట్లాడాలంటే గుమ్మం దాటి రావాల్సిందే.

"మా అత్త ఫోను రావట్లేదు మామా! చల్లదనం కన్నా ఇదే పెద్ద సుఖం" అని పక్కగది కోడలు వీధంతా నవ్వించింది.

మామకు మాత్రం ఆ సుఖం పనికిరాదు. అందుకే తన గదిలో మంచం పక్కనున్న చిన్న కిటికీని తొడగకుండా వదిలాడు. దాని ఊచకు గుడ్డ సంచి కట్టి, భార్య ఫోను అందులో పెట్టాడు. ఆయాసం ఎక్కువైతే పడుకునే చెయ్యి చాపి మీట నొక్కాలి. ఫ్యాక్టరీ లోపలికి ఫోన్లు రానివ్వరు గనక, మామ తన ఫోను గేటు దగ్గర వాచ్‌మన్ చేతికిచ్చి వెళ్లేవాడు.

"అది మోగిందంటే అన్నం ముద్ద నోట్లో ఉన్నా పరిగెత్తుకురావాలిరా తమ్ముడూ."

"ముద్ద ఊసేసి వస్తాలే మామా."

ఆ ఏడు ఎండలు ముదిరాయి. పది రోజులు మధ్యాహ్నం పూట ఇంటికి వదలమని సూపర్‌వైజర్ని బతిమాలాడు మామ.

"ఏసీ లాంటి ఇల్లు కట్టుకున్నావట కదా, ఇంకేం భయం?" అన్నాడు సూపర్‌వైజరు. "ఆర్డర్ల కాలం. నీ గోరు లేకపోతే లైను నడవదు."

పేదవాడు తన తెలివితో నీడ కట్టుకుంటే, ఆ నీడనే చూపించి సెలవు లేదన్నారు. దీన్ని ఏ చట్టం కింద నేరమంటారో నాకు తెలియదు. నేరం కాదని మాత్రం ఎవరూ నాతో అనిపించలేరు.

మర్నాడు పొద్దున్నే ఆమె అంది: "నిన్న ఆ కిటికీ లోంచి సెగ కొట్టిందయ్యా. మొహం మాడిపోయింది."

డ్యూటీకి టైమవుతోంది. మామ గబగబా ఓ ముక్క కత్తిరించి కిటికీకి తొడిగాడు. అలవాటున నాలుగంచులూ ఇస్త్రీ పెట్టెతో నొక్కాడు. గోటితో గీరి చూశాడు. ఎక్కడా ఊడలేదు. పని బాగా కుదిరిన తృప్తితో పరుగు తీశాడు. ఫోను ఎప్పటిలాగే సంచిలో వేలాడుతోంది.

సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ ఫోను చేతిలో పెట్టాడు. "పొద్దుట్నుంచి ఒళ్లోనే పెట్టుకున్నా మామా. ఒక్కసారి కూడా మోగలేదు. అత్త హాయిగా నిద్రపోయుంటుంది."

ఇంటికొచ్చేసరికి ఆమె ఒక చెయ్యి మంచం బయటికి వేలాడుతోంది. ఫోను నేల మీద ఉంది. అందులో మామ నంబరుకు పదకొండు ప్రయత్నాలు. ఒక్కటీ గోడ దాటలేదు. గది చల్లగా ఉంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా అదే షిఫ్టులో ఉన్నారు, ఆయాసపు పిలుపు ఎదురుగది అవ్వ దాకా వెళ్లదు.

వచ్చినవాళ్లంతా రాత అన్నారు.

"రాత కాదు. నేనే మూశాను" అన్నాడు మామ. ఆ మాట తప్ప రెండు వారాలు ఇంకో మాట మాట్లాడలేదు.

మూసింది అతని చెయ్యే, నిజం. కానీ మంచాన ఉన్న మనిషిని వదిలి ఆ చేతిని మిషను దగ్గరికి లాక్కుపోయింది ఎవరు? ఈ మాట అతనితో అంటే వినడు. అందుకే మీతో అంటున్నాను.

ఆ రెండు వారాలు గడిచాక వచ్చిన ఆదివారం మామ బ్లేడు పట్టుకుని ఎదురుగది అవ్వ ఇంటికి వెళ్లాడు.

"చల్లగా ఉన్న కొంపకి చిల్లేంటిరా నాయనా? సెగ వస్తుంది కదరా!"

"రానీ అవ్వా."

మంచం మీంచి చెయ్యి అందే చోట కిటికీ మీది పొరను కోశాడు. అక్కడ నిలబడి వాచ్‌మన్‌కు ఫోను కలిపాడు. అవతల మోగి, వాడు పలికాకే పక్క గదికి కదిలాడు. ఇలా పదమూడు గదులు. పక్కగది కోడలు ఈసారి హాస్యమాడలేదు, స్టూలు పట్టుకుని నిలబడింది.

పొద్దు వాలే వేళకు తన గదికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి కిటికీ అంచుకు గోరు ఆనించాడు. ఊడలేదు. బ్లేడుతో కోయాల్సి వచ్చింది. ఎండ వచ్చి ఖాళీ దుప్పటి మీద పడింది.

ఫోను కలిపాడు.

"ఆఁ మామా, ఇది ఏ ఇల్లు?" అన్నాడు వాచ్‌మన్.

"మా ఇల్లు."

మామ కోసిన కిటికీకి ఇంకా దగ్గరగా జరిగాడు.

"వినపడుతోందా తమ్ముడూ?"

"వినపడుతోంది మామా."

"బాగా వినపడుతోందా?"

"బాగా వినపడుతోంది" అన్నాడు వాడు. మామ ఫోను పెట్టేయలేదు. వాడూ పెట్టేయలేదు.