మేము అడ్డుపడబోయిన వాయిదా

మా తమ్ముడు ప్రేమ్ తాను చేయని దోపిడీకి జైలుపాలైన ఆ రోజుల్లో, సహోదరులారా, నేను ఇర్వింగ్‌లో ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ హైవే పొడుగునా ఏడ్చేదాన్ని. గ్యాస్ స్టేషన్ దోచిన ముసుగు దొంగ ఇతనేనని ఒడ్డూ పొడుగూ చూసి ఎవరో వేలెత్తి చూపించారు, జ్యూరీ నమ్మింది, అప్పీలు కూడా పోయింది. చూడడానికి వెళితే అద్దానికి అటువైపు కూర్చుని వాడే నన్ను ఓదార్చేవాడు: "ఏడవకక్కా, ఇక్కడ బైబిల్ స్టడీ స్టార్ట్ చేశాను. నువ్వు చర్చిలో ప్రేయర్ చేయించు చాలు."

అప్పుడు దేవుడు మాకొక మంచి లాయరమ్మను చూపించాడు. ఆమె హేబియస్ కార్పస్ పిటిషన్ వేశారు, అంటే ఈ మనిషిని అన్యాయంగా బంధించారు, మళ్లీ చూడండి అని కోర్టును అడగడం. గ్యాస్ స్టేషన్ వెనకవైపు ఇంకో కెమెరా ఉందనీ, ఆ వీడియో పోలీసుల దగ్గరే ఉండిపోయిందనీ ఆమె కనిపెట్టారు. అవతలివాళ్ల దగ్గరున్న సాక్ష్యాన్ని ఇలా రప్పించుకోవడాన్ని డిస్కవరీ అంటారట, మా కేసులాంటి వాటిలో జడ్జి అనుమతిస్తేనే అది దొరుకుతుందట. స్తోత్రం, జడ్జిగారు అనుమతించారు!

ఇక విచారణ తేదీల సంగతి మీకు తెలియనిదా! తేదీ పడిన ప్రతిసారీ నేను విశ్వాసంతో ముందుగానే కృతజ్ఞత కూడిక పెట్టేదాన్ని, మీరందరూ చికెన్ బిర్యానీ తిని ఆమెన్ అనేవారు, ఆ వెంటనే తేదీ మారిపోయేది. వాడు బయటికి రాకముందే వాడి పేరు చెప్పి ఈ సంఘమంతా ఒళ్లు చేసింది!

చివరికి ఒక గట్టి తేదీ వచ్చింది. అంతలో లాయరమ్మ ఆఫీస్ నుంచి మెసేజ్, వాయిదా కోసం మోషన్, అంటే జడ్జిగారికి అర్జీ, ఫైల్ అయిందని. సిగ్నల్ దగ్గర ఆగి సగమే చదివాను, ఎవరు వేశారో చూడలేదు. ఇంకెవరు, అవతలివాళ్లే అనుకుని ప్రేయర్ గ్రూప్‌లో పెట్టేశాను. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మన యేసుపాదం అంకుల్ లేచి ఎలుగెత్తారు: "ప్రభువా, వాయిదా అడిగినవాళ్ల నోరు మూయించు తండ్రీ! జడ్జిగారి పెన్ను కదలనివ్వకు నాయనా!" మనమంతా హల్లెలూయ అన్నాం.

జడ్జిగారు వాయిదా ఇచ్చేశారు! దేవుని మీద అలిగి లాయరమ్మకు ఫోన్ చేస్తే ఆమె మహా సంతోషంగా, "మోషన్ వేసింది నేనే కదా! వాళ్లు వీడియో ఇంకా ఇవ్వలేదు. అది లేకుండా హియరింగ్‌కి వెళ్తే ఓడిపోయేవాళ్లం" అన్నారు. సహోదరులారా, కడుపు మాడ్చుకుని మరీ మన లాయరుకే ఎదురు ప్రార్థన చేశాం! నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

ఆ పెరిగిన గడువులోనే వీడియో వచ్చింది. దొంగ వెనక సందులో ముసుగు తీసి చెమట తుడుచుకుంటున్నాడు, ముఖం స్పష్టంగా ఉంది, అది మా ప్రేమ్ ముఖం కాదు! జడ్జిగారు శిక్ష కొట్టేశారు, ప్రభుత్వ లాయర్లు కేసు వదిలేశారు. జైలు గేటు దగ్గర ప్రేమ్ నన్ను పట్టుకుని, "అక్కా, ఈ మోషన్ సంగతి అంకుల్‌కి చెప్పకు, పాపం ఫీలవుతారు" అన్నాడు. నేను ఆగగలనా, చెప్పేశాను. అంకుల్ అందరికంటే గట్టిగా నవ్వి, నవ్వుతూనే ఏడ్చేశారు.

దేవునికే మహిమ! మీలో ఎవరికైనా గ్రీన్‌కార్డు ఆగిపోయిందా, ఆపరేషన్ తేదీ వెనక్కి జరిగిందా, ఎంత ప్రార్థించినా తలుపు తెరుచుకోవడం లేదా? అలగండి, ఏడవండి, మన తండ్రి ఏమీ అనుకోడు, కానీ ఆయన చెయ్యి మాత్రం వదలకండి. ఎవరికి తెలుసు, మీ పక్షాన నిలబడి ఆ వాయిదా అడుగుతున్నది ఆయనేనేమో!