హంతకుడికి చప్పట్లు కొట్టిన మ్యాట్నీ

ఈ రోజు కడపలో మ్యాట్నీకి మా పక్కింటి మస్తాన్‌బీని నేనే తీసుకెళ్లాను. జైలు సినిమా అని తెలుసు కానీ కథ తెలియదు. తోటి ఖైదీల తలలు పగలగొట్టే ఒక హంతకుడితో వార్డరు స్నేహం చేస్తాడు. ఇద్దరూ ఒకే గ్లాసులో టీ పంచుకుంటుంటే హాలంతా చప్పట్లు.

మస్తాన్‌బీ వాళ్ల అన్నను వేంపల్లెలో పట్టపగలు పొడిచి చంపారు. చంపినవాడు ఇప్పుడు జైల్లో ఉన్నాడు. ఆమె గట్టిగానే నన్నడిగింది.

"వీడు సంపింది ఎవురినక్కా? ఆ సచ్చినోడి పేరు ఒగసారైనా చెప్పరా?"

ముందు సీటాయన విసుగ్గా వెనక్కి తిరిగాడు. "సినిమా సూడనీమ్మా. వాడు మారినాడు, కనపళ్లేదా?"

"మారనీప్పా. మా యన్నను సంపినోడు గూడా లోపల శానా మంచోడంట. మా యన్న యాడ మారల్ల? గోరీలోనా?"

ఆయన తెర వైపు తిరిగి మళ్లీ చప్పట్లు కొట్టాడు. మేం లేచి వచ్చేశాం.

తీసుకెళ్లినందుకు నన్ను ఆమె ఒక్క మాట అనలేదు. నాకే కోపం తగ్గడం లేదు. హంతకుడికి స్నేహితుడు దొరికాడు, పాట దొరికింది. చచ్చినవాడికి ఒక్క సీను కూడా లేదా?

సినిమా బాగుందనేవాళ్లు కామెంట్లలోకి రండి. మస్తాన్‌బీ నా పక్కనే కూర్చుంది, చదివి వినిపిస్తాను.